రెడ్డెప్ప ఇంట్లో ఫంక్షను వాసన

మదనపల్లెలో పుంగనూరు రోడ్డు పక్క సందులో ఉండే కండక్టరు రెడ్డెప్పకు దేవుడు ఎత్తు ఇవ్వలేదు, గొంతు ఇవ్వలేదు, నలభై దాటాక తల మీద వెంట్రుకలు కూడా ఉంచలేదు. ముక్కు మాత్రం ఇచ్చాడు. ఆ ముక్కును నమ్ముకునే ఆయన మదనపల్లె–కుప్పం బస్సులో సర్వీసంతా లాక్కొచ్చాడని భార్య గంగులమ్మ ఇప్పటికీ చెబుతుంది.

గోతంలో ఎండుచేపలు పెట్టుకుని "పాత బట్టలన్నా" అంటూ ఎక్కబోయినవాణ్ణి మెట్టు మీదే ఆపేసేవాడు. తాగి వెనక సీట్లో నిద్ర నటిస్తున్నవాడి దగ్గరికి పోయి, వాడు తాగిన సరుకు పేరు చెప్పి లేపేవాడు. కళ్లు మూసుకుని కూర్చున్నా ఊళ్లు తెలిసేవి. చింతపండు పులుపు తగిలితే పుంగనూరు, పట్టుగూళ్ల వాసన కొడితే పలమనేరు, తడిసిన రాతిపొడి వాసన వస్తే కుప్పం దగ్గరపడినట్టు. ఒకసారి పొగమంచులో దారి కనబడక డ్రైవరు శ్రీనివాసులు "అన్నా, యాడుండాం?" అని అడిగితే, కిటికీలోంచి తల బయటపెట్టి ఒక్క పీల్పు పీల్చి, "సదుం రోడ్డు మొగదల దాటినాం, పో" అన్నాడట.

ఇంట్లో ఆ ముక్కుతో వేగడం గంగులమ్మకు అంత తేలిక కాలేదు. పెళ్లయిన కొత్తలో ఆమె పుట్టింటికి పోయి వస్తే, అక్కడ ముందురోజు ఏం కూర చేశారో ఆమె చీర వాసనను బట్టి చెప్పేవాడు. పాలు సాయంత్రానికి విరుగుతాయని పొద్దున్నే చెప్పేవాడు, అవి నిజంగానే విరిగేవి. పాపం ఆ పాలకు కూడా ఈయనంటే భయమేమోనని ఆమె అనుకునేది.

కరోనా రెండోసారి వచ్చినప్పుడు రెడ్డెప్పకు జ్వరం వచ్చింది, దగ్గు వచ్చింది. రెండూ తగ్గిపోయాయి. పోతూ పోతూ ముక్కును కూడా వెంటబెట్టుకుని పోయాయి.

నాలుగు దినాలు ఆగితే వస్తుందన్నారు. నాలుగు నెలలైనా రాలేదు. ఇంతలో రిటైర్మెంటు వచ్చింది. డిపోలో శాలువా కప్పి, మెడలో పూలదండ వేశారు. రెడ్డెప్ప ఆ దండను రెండు చేతులతో పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు నిలబడిపోయాడు. ఉద్యోగం వదిలిపోతున్నందుకు బాధపడుతున్నాడని అందరూ అనుకున్నారు. గంగులమ్మకు ఒక్కదానికే తెలుసు, ఆయన దండలో మల్లెల కోసం వెతుక్కుంటున్నాడని.

ఆ తర్వాత మనిషి చప్పబడిపోయాడు. సంగటి ముద్ద ముందు పెడితే బంకమన్నును చూసినట్టు చూసేవాడు. మిద్దె మీద తొట్లలో ఎంతో ఇష్టంగా పెంచుకున్న నాటు గులాబీలకూ, చామంతులకూ, మరువానికీ, దవనానికీ నీళ్లు పోయడం మానేశాడు. "యాల పోయాల? అవి ఉండేది నాకు తెలీదు గదా" అనేవాడు. గంగులమ్మే మోకాళ్లు పట్టుకుని మెట్లెక్కి పోసి వచ్చేది.

అలా ఏళ్లు గడిచాక, ఒక కార్తీకమాసంలో కుప్పం నుంచి కూతురు హరిత వచ్చింది. తండ్రిని ఒకసారి, మిద్దె మీద రాలిపోతున్న పూలను ఒకసారి చూసింది.

"నాయనా, దినామూ నాలుగు రకాల వాసనలు పీలుస్తా ఉంటే ముక్కు మళ్లీ దారికొస్తాదని డాక్టర్లు చెప్తాండారు. ఊరికే కూర్చోకుండా పోపూరి చెయ్."

"పోపూరోళ్లా? వాళ్లు గుంటూరు పక్కోళ్లు కదమ్మా?" అంది గంగులమ్మ.

"ఇంటిపేరు కాదమ్మా."

"పూరీ అయితే నాకొద్దు," అన్నాడు రెడ్డెప్ప. "నోటికి ఏదీ తెలీదు."

హరిత ఫోను తీసి వీడియో పెట్టింది. ఎండబెట్టిన పూలు, ఆకులు, నారింజ తొక్కలు, దాల్చినచెక్క, లవంగాలు అన్నీ కలిపి గాజుగిన్నెలో పోసి బల్ల మీద పెట్టారు.

"తినేదానికా?" అంది గంగులమ్మ.

"కాదు."

"దేవుడికా?"

"కాదు."

"తలకు రుద్దుకొనేదానికా?"

"కాదమ్మా. ఊరికే పెట్టేది. ఇల్లంతా వాసనొస్తాది."

ఊరికే పెట్టేదానికి అంత పనా అనుకుంది గంగులమ్మ. కానీ రెడ్డెప్ప ఫోను చేతిలోకి తీసుకున్నాడు. వీడియో మళ్లీ పెట్టమన్నాడు. మళ్లీ పెట్టమన్నాడు. చాలాకాలం తర్వాత ఆయన మొహంలో, టికెట్ లేకుండా కూర్చున్నవాణ్ణి పసిగట్టినప్పటి వెలుగు కనిపించింది.

మర్నాడు పొద్దున్నే మిద్దె మీదికి పోయి ఉన్న పూలన్నీ కోశాడు. గులాబీ రెక్కలు విడదీశాడు. చామంతులు, మరువం, దవనం, తులసి కోశాడు. కనకాంబరాలకు వాసన ఉండదని గంగులమ్మ చెప్పినా వినకుండా, "రంగు బాగుంటాది" అని వాటినీ కోశాడు. కరివేపాకు చెట్టును కూడా సగం దూసేశాడు. అన్నీ గంగులమ్మ పాత చీర మీద పరిచాడు. పరిచిన గంటకే తుంపర మొదలైంది.

అక్కడి నుంచి ఇల్లు ఇల్లుగా లేదు. కార్తీకం ముసురులో పూలు ఆరవు కాబట్టి చీరతో సహా హాల్లోకి దించి ఫ్యాను కింద పెట్టాడు. ఫ్యాను తిరిగితే రెక్కలు ఎగిరేవి. ఫ్యాను ఆపితే రెక్కలు బూజు పట్టేవి. గంగులమ్మ పప్పులో చామంతి వచ్చింది, దుప్పట్లో దవనం వచ్చింది, తల దువ్వుకుంటే కనకాంబరం రాలింది. పెట్టుకోని పువ్వు రాలడం ఆమెకు అదే మొదటిసారి. రెడ్డెప్ప మాత్రం ఒక్కో రెక్కనూ చెవి దగ్గర పెట్టుకుని వేళ్లతో నలిపేవాడు. కరకరమంటే ఎండినట్టు. బజారులో కొనుక్కొచ్చిన మల్లెలు మాత్రం చివరిదాకా కరకరమనలేదు. మెత్తగా, గోధుమరంగులో, ఏదో మనసులో పెట్టుకున్నట్టు పడి ఉన్నాయి. "ఇవి నిదానంగా దారికొస్తాయిలే" అని వాటినీ కుండలోకి వేశాడు.

వీడియోలో ఇంకో సంగతి ఉంది. వాసన ఎగిరిపోకుండా పట్టి ఉంచేదొకటి వేయాలట. అదేమిటో వాళ్లు చెప్పిన పేరు ఎవరికీ అర్థం కాలేదు. రెడ్డెప్ప పుంగనూరులో అత్తర్లు, సాంబ్రాణి, అగరొత్తులు అమ్మే ఘని అంగడికి పోయాడు. గంగులమ్మ కూడా వెంట పోయింది. ఘని ఎంతో మర్యాదస్తుడు. ఎవరినీ కాదనలేడు. అంగడిలో కాదనే పని అంతా ఆయన భార్య జాహెదాదే.

"వట్టివేర్లు ఏసుకోండన్నా," అన్నాడు ఘని. "అది వాసనను పట్టుకోని ఉంటాది. లేకుంటే నాలుగు దినాలకు ఎగిరిపోతాది."

రెడ్డెప్ప వట్టివేర్లు కట్ట కొనుక్కుని బస్సెక్కాడు. దారి పొడుగునా ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు ఆయన మనసులో ఏమి తిరుగుతోందో గంగులమ్మకు తర్వాత తెలిసింది. తన సర్వీసులో ఏ వాసన బస్సును గట్టిగా పట్టుకుందని ఆలోచించాడట. ఎండుచేప రెండు మూడు రోజులు. వాంతి ఒక్కసారి కడిగితే పోయేది. కానీ ఒకసారి ఎవరిదో ముద్ద ఇంగువ పార్శిలు సీటు కింద చితికిపోతే, సబ్బు పెట్టి రుద్దినా, ఫినాయిల్ పోసినా, ఎండాకాలం పోయి వానాకాలం వచ్చినా ఆ బస్సులో ఎక్కినవాళ్లకు రసం గుర్తొచ్చేది.

వాసనను పట్టి ఉంచేది ఇంగువకు మించి లోకంలో ఏముంది?

గంగులమ్మ వంటింట్లో డబ్బా ఖాళీ అయింది. అది చాలక బజారు నుంచి ఇంకో ముద్ద వచ్చింది. రోట్లో దంచి, వట్టివేర్లతో, చెక్కతో, లవంగంతో, ఘని ఊరికే ఇచ్చిన సాంబ్రాణి పొడితో కలిపి పూలలో వేసి, కుండకు మూత పెట్టి, గుడ్డ కట్టి, మంచం కింద మాగబెట్టాడు.

నెల తిరిగాక ఒక పొద్దున గుడ్డ విప్పాడు.

గంగులమ్మ వంటింట్లో ఉంది. వాసన ఆమె దగ్గరికి నడిచి వచ్చింది. అది చెడ్డ వాసన కాదు. మంచి వాసన అనడానికీ లేదు. పెళ్లిలో రెండో బంతి లేచి మూడో బంతికి ఆకులు వేసేటప్పుడు భోజనాల హాలు ఎలా ఉంటుందో, అచ్చం అలా ఉంది. వాడిన మల్లెలు, గంధం, సాంబ్రాణి, వాటి మీద గంగాళం నిండా కాగుతున్న సాంబారు. ఆమెకు తెలియకుండానే చేతులు కడుక్కుని వచ్చింది.

రెడ్డెప్ప స్టీలు గిన్నెలో నిండా పోసుకుని, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో తెచ్చి ఆమె ముక్కు కింద పెట్టాడు. తాను కూడా వంగి పీల్చాడు. ఏమీ రాలేదు. ఆ సంగతి మొహంలో తెలియనీయకుండా అడిగాడు.

"ఎట్లుండాది గంగులూ? నిజం చెప్పు."

అన్నేళ్లుగా ఏదీ అడగని మనిషి అడిగాడు. గంగులమ్మకు సాంబారు అనే మాట నోటిదాకా వచ్చింది.

"బాగుండాది," అంది.

"ఏ వాసన ఎక్కువగా తెలుస్తాండాది?"

"మల్లెపూలు."

"నేను చెప్పలే! నిదానంగా దారికొస్తాయంటిని గదా!" అని ఆ గిన్నెను హాల్లో టీవీ పక్కన పెట్టాడు. ఇంకొకటి పడకగదిలో, ఇంకొకటి వాకిట్లో గడప పక్కన. సాయంత్రానికి సందంతా ఆ వాసన పరుచుకుంది.

మొదట వచ్చింది ఎదురింటి నాగమ్మ. లోపలికి తొంగి చూసి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అడిగింది.

"ఏమక్కా, ఫంక్షనా?"

"ఏమీ లేదు నాగమ్మా."

"ఏమీ లేదా?" అంది నాగమ్మ ముక్కు ఎగబీలుస్తూ. "సరేలే అక్కా. మీ ఇంటి మాట మీది. పిలిస్తేనే వచ్చేది గదా మేము." మొహం మాడ్చుకుని పోయింది.

మరుసటి రోజు పాలవాడు అడిగాడు. గ్యాసు సిలిండరు తెచ్చినవాడు, పైసలిచ్చినా కదలకుండా గడపలో కాసేపు నిలబడ్డాడు. వారం తిరగకముందే, రెడ్డెప్ప ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఏదో శుభకార్యం జరిగిందని సందంతా నమ్మింది. అది ఏమిటన్నదే ఎవరికీ తెలియలేదు. కూతురికి పెళ్లయిపోయింది. మనవళ్లకు చెవులు కుట్టడం అయిపోయింది. మిగిలింది ఒక్కటే అని నాగమ్మ తేల్చింది: రెడ్డెప్పకు అరవై నిండినప్పుడు చేసుకోని షష్టిపూర్తి ఇప్పుడు గుట్టుగా చేసుకున్నారు.

ఆ మాట సదుం దాకా పోయింది. సదుం దగ్గర పల్లెలో రెడ్డెప్ప పెదనాయన కొడుకు పాపయ్య ఉన్నాడు. వంశంలో పెద్దవాడు. పిలుపు విషయంలో మహా పట్టింపు మనిషి. ఎవరో ఫోనులో పిలిస్తే పెళ్లికి పోలేదు, పత్రిక ఇచ్చి పిలవనందుకు. పత్రిక ఇస్తే పోలేదు, బొట్టు పెట్టి పిలవనందుకు. అలాంటివాడు పిలవకుండానే దిగాడు. గడపలో అడుగు పెట్టీ పెట్టకముందే వాసన తగిలింది. మొహం ఎర్రబడింది.

"రే రెడ్డెప్పా! నా ముక్కుతో నేను పీలుస్తాండాను. ఇంకా ఏమిరా దాచేది?"

"ఏమి దాచినాను అన్నా?" అన్నాడు రెడ్డెప్ప నిజంగానే అర్థం కాక.

"నీళ్లు తాగు బావా," అని గంగులమ్మ చెంబు అందించింది.

"నీళ్లా? భోజనాలు పరాయోళ్లకు, నీళ్లు నాకా?" అని పాపయ్య వంటింట్లోకి నడిచాడు. పొయ్యి మీద మూత తీశాడు. పొద్దుటి సంగటి. పక్కన ఊరిబిండి పచ్చడి. ఫ్రిజ్ తెరిచాడు. వంకాయలు. మంచం కింద వంగి చూశాడు. మిద్దె మెట్లెక్కి, వంటవాళ్లెవరైనా దాక్కున్నారేమోనని నీళ్ల ట్యాంకు వెనక కూడా చూసి వచ్చాడు. దిగి వచ్చేసరికి కోపం రెట్టింపైంది.

"ఒక్క ఇస్తరాకు కూడా దొరక్కుండా సర్దేసినారే! ఎంత తెలివి!"

భోంచేయకుండా, అరుగు మీద తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

రెడ్డెప్ప కుర్చీలో కూలబడ్డాడు. "ఈయనకేమయింది గంగులూ? ఏ వాసన అంటాడు? నాగమ్మ గూడా అట్లే అంటాండాది. నేను పెట్టింది మల్లెపూల వాసన గదా."

గంగులమ్మ చీపురు తీసుకుని ఊడ్చిన చోటనే మళ్లీ ఊడ్చింది. ఇప్పుడు నిజం చెబితే మొదట ఎందుకు చెప్పలేదంటాడు. మల్లెపూలు అన్నది తనే. అబద్ధం ఒక్కటే ఆడింది, అది ఇంటికి చుట్టాలను పిలుస్తోంది.

"మనుషులకు మల్లెపూల వాసనొస్తే పెండ్లి గుర్తుకు రాదా ఏమి," అంది చివరికి. రెడ్డెప్పకు ఆ మాట నచ్చింది. తన పనితనం అంతదూరం పోయిందని పొంగిపోయి, చిన్న చిన్న గుడ్డమూటలు కట్టడం మొదలుపెట్టాడు. మొదటి మూట పాత స్నేహితుడు శ్రీనివాసులుకు. బస్సులో డ్రైవరు సీటు వెనక కట్టించాడు.

రెండు రోజుల తర్వాత గంగులమ్మకు ఫోను వచ్చింది.

"వదినా, అన్న పక్కనుండాడా?"

"మిద్దె మీదుండాడు. ఏమి శీనా?"

"ఆ మూట ఏమి మూట వదినా? బండి పుంగనూరులో ఆపితే జనమంతా దిగి హోటల్లోకి ఉరుకుతాండారు. కుప్పం పొయ్యే టికెట్టోళ్లు గూడా దిగిపోతాండారు. నిన్న ఒక పెద్దామె మెట్టు కాడ చెప్పులిడిచి ఎక్కి, వరసలో కూర్చోని, 'బాబూ, వడ్డన ఎప్పుడు?' అంటాండాది. నాకే స్టీరింగు పట్టుకోని నోట్లో నీళ్లూరుతాండాయి."

"తీసెయ్ నాయనా. ఆయనకు మాత్రం చెప్పాకు."

"యాల చెప్తాను? ఆ హోటలాయన ఇంకో నాలుగు మూటలు అడుగుతాండాడు వదినా."

ఇదంతా ఎలా ఆపాలా అని గంగులమ్మ ఆలోచిస్తుండగానే ఆదివారం వచ్చింది.

ఆదివారం పదకొండు గంటలకు సందులోకి ముందు ఒక ఆటో వచ్చింది. తర్వాత ఇంకొకటి. పాపయ్య దిగాడు. కలికిరి వాళ్లు దిగారు, గుర్రంకొండ వాళ్లు దిగారు. ఒకరి చేతిలో గోడగడియారం, ఒకరి చేతిలో స్టీలు క్యారియరు, పాపయ్య చేతిలో మనిషి ఎత్తు పూలదండ.

"మీరు పిలవకపోయినా మేము పెద్దోళ్లం. మా మర్యాద మేము చేస్తాం," అన్నాడు పాపయ్య. "దాచినారు, బాగుంది. మా కండ్ల ముందర ఈ పొద్దు మళ్లీ జరగల్ల."

వెనకే కారు ఆగింది. హరిత కళ్లనీళ్లు పెట్టుకుని దిగింది. "నాయన షష్టిపూర్తికి నన్నే పిలవలేదామ్మా?" ఆమె వెంట కుప్పంలో కొత్తగా ఫంక్షన్ హాలు కట్టిన ఆమె బావగారు దామోదర్ ఉన్నాడు. ఆ వెనకే పుంగనూరు నుంచి ఘని, జాహెదా. వాళ్లకు బస్సులో ఎవరో చెప్పారట. ఘని చేతిలో స్వీటు పెట్టె.

రెడ్డెప్ప బనీనుతో నిలబడి ఉన్నాడు. "నాకు అరవై ఎప్పుడో దాటిపోయినాయే," అనబోయి ఆగాడు. దండ చూశాడు, గడియారం చూశాడు, కూతురి కళ్లు చూశాడు. మెల్లగా భార్య వైపు తిరిగాడు. ఆయన కళ్లు తడిశాయి.

"గంగులూ... ఇదంతా నువ్వు నాకు తెలీకుండా చేసిన పనేనా?"

గంగులమ్మ నోరు తెరిచింది. ఇంతమంది మధ్యలో ఏ నిజం చెప్పగలదు?

"ఊ," అంది.

ఆ ఊకొట్టినందుకు మధ్యాహ్నానికి ఇంతమందికి భోజనం పెట్టాలి. ఆమె వెనక వాకిలి గుండా నాగమ్మ ఇంటికి పరిగెత్తి, చేతులు పట్టుకుని సంగతంతా చెప్పేసింది. నాగమ్మ ముందు మూతి తిప్పింది, తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నాగమ్మ తమ్ముడు వంటమేస్త్రి. ఆ రోజు ఊళ్లోనే ఒక పెళ్లి వంట చేస్తున్నాడు. మగపెళ్లివాళ్లు అనుకున్నంతమంది రాలేదట, సాంబారు మిగిలిపోయిందని తల పట్టుకుని ఉన్నాడు. ఒక్క ఫోనుకు గంగాళాలు ఆటో ఎక్కాయి.

గంగాళం మూత తీసినప్పుడు ఒక విచిత్రం జరిగింది. నిజం సాంబారు వాసన ఎవరికీ తెలియలేదు. పాపయ్య అయితే గరిటెతో తీసి ముక్కు దగ్గర పెట్టుకుని, "ఇది అంత రుచిగా లేనట్టుండాదే. లోపల కాగేది తెండి, ఆ మొదటిది," అన్నాడు.

"మొదటిది ఏది అన్నా?" అన్నాడు రెడ్డెప్ప.

"హాల్లో దాచిపెట్టిండేది!"

అప్పటిదాకా టీవీ పక్కన నిలబడి గిన్నెలోని పూలను వేళ్లతో కెలుకుతున్న జాహెదా తలెత్తింది. ఆమె కాదనకుండా ఊరుకునే మనిషి కాదు.

"అల్లా! దీంట్లో ఇంగువ యాల ఏసినారు భాయ్?"

ఘని "ఏ జాహెదా, చుప్" అని చేయి పట్టుకున్నాడు. ఆమె ఊరుకోలేదు. "చుప్ ఏమి? మల్లెపూలు కుళ్లినాయి, ఇంగువ ఇంత ఉండాది, కరేపాకు ఉండాది. ఇదేమి సెంటు? ఇది సాంబారు! అందరూ ఇదే పీల్చుకోని వచ్చిండారు."

పాపయ్య వచ్చి గిన్నె మీద వంగి పీల్చాడు. నిటారుగా లేచాడు. మళ్లీ వంగి పీల్చాడు. నీళ్ల ట్యాంకు వెనక వెతికింది గుర్తొచ్చినట్టుంది, తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

రెడ్డెప్ప మాత్రం భార్యనే చూస్తున్నాడు.

"మల్లెపూలంటివే?"

"అంటిని," అంది గంగులమ్మ.

"యాల?"

"నువ్వు ఆ గిన్నె తెచ్చినప్పుడు నీ మొగం నువ్వు సూడలే. నేను సూసినా."

రెడ్డెప్ప మెట్లెక్కి మిద్దె మీదికి పోయాడు. చుట్టాలు గోడగడియారాలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. వడ్డించాలా వద్దా అని నాగమ్మ తమ్ముడు గరిటె పట్టుకుని నిలబడ్డాడు. హరిత పైకి పోబోతే గంగులమ్మ వద్దంది. ఆయన అలిగితే ఎవరూ దగ్గరికి పోకూడదని ఆమెకు తెలుసు. కానీ ఈసారి అది అలకో, ఇంకా పెద్దదో ఆమెకు తెలియలేదు.

కొంతసేపటికి మెట్ల మీద చెప్పుల చప్పుడైంది. రెడ్డెప్ప సగం మెట్లు దిగి, అక్కడే నిలబడి, బస్సులో టికెట్లడిగే గొంతుతో అడిగాడు.

"సాంబారా, రసమా?"

ఎవరికీ అర్థం కాలేదు.

"నేను చేసింది. సాంబారు వాసనా, రసం వాసనా? సరిగ్గా చెప్పండి."

"సాంబారే," అన్నాడు పాపయ్య.

"నాకు పులిహోర అనిపిస్తాది," అంది నాగమ్మ.

"రసమే మామా, మిరియాల రసం," అన్నారు కలికిరి వాళ్లు. గుర్రంకొండ వాళ్లు ఒప్పుకోలేదు. మాటా మాటా పెరిగింది. గిన్నె ఒకరి చేతిలోంచి ఒకరి చేతికి మారింది. కండక్టరు మెట్టు మీద నిలబడి అందరి మాటా విన్నాడు, అన్నేళ్ల తర్వాత ముక్కు దగ్గరి వ్యవహారం ఒకటి తన ఎదుట నడుస్తుంటే ఆయన మొహం మెల్లమెల్లగా వికసించింది. "సరే, ఆకులెయ్యండి," అన్నాడు. పాపయ్య తెచ్చిన దండ వేసుకునే బంతిలో కూర్చున్నాడు. భార్యను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అలా, లేని షష్టిపూర్తి జరిగిపోయింది.

భోజనాలయ్యాక దామోదర్ రెడ్డెప్పను పక్కకు పిలిచాడు. ఆయన కొత్త ఫంక్షన్ హాలుకు ఒక్క బుకింగూ రావడం లేదు. చూడటానికి వచ్చినవాళ్లు సున్నం వాసన, పెయింటు వాసన పీల్చి, "ఈడ ఇంతవరకు ఎవరి పెండ్లీ జరగలేదా?" అని అనుమానంగా వెళ్లిపోతున్నారు. "మామా, నాకు ఒక గోతం చేసీండి. మీ ఇంట్లో పది పెండ్లిండ్లు జరిగినట్టుండాది."

రెడ్డెప్ప చేశాడు. ఈసారి గంగులమ్మను అడిగి అడిగి చేశాడు. ఇంకొంచెం కరివేపాకా, ఇంకొంచెం సాంబ్రాణా అని. కుప్పం హాల్లో మూలమూలకు మూటలు కట్టారు. పెళ్లివాళ్లు లోపలికి వచ్చి, నిలబడి, గట్టిగా పీల్చి, "కలిసొచ్చే హాలు మాదిరి ఉండాదే" అనుకుంటున్నారట. వేసవి ముహూర్తాలన్నీ నిండిపోయాయి. ఒక్కటే చిక్కు. వచ్చినవాళ్లు బుకింగ్ మాట తేలకముందే భోజనాల గది ఎటని అడుగుతున్నారు. దామోదర్ వాళ్ల కోసం ఉప్మా చేయించి పెడుతున్నాడు.

పాపయ్య తనకు ఫలానా రోజు ఫలానా ఇంట్లో సాంబారు పెట్టలేదన్న మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. తనకూ ఒక మూట పంపమని మాత్రం, పత్రిక లేకుండా, బొట్టు లేకుండా, ఫోనులోనే అడిగాడు.

రెడ్డెప్ప ముక్కు మాత్రం రాలేదు. దినామూ పొద్దున ఏదో ఒకటి పీల్చి చూస్తాడు. రాకపోతే గంగులమ్మ దగ్గరికి తెస్తాడు. ఆమె పీల్చి ఉన్నది ఉన్నట్టు చెబుతుంది. ఇది మగ్గింది, ఇది కుళ్లింది, ఇది తడిసిన కుక్క మాదిరి ఉంది అని. ఆయనకు ఆ మాటలంటే ఇష్టం.

ఎండలు ముదిరాక ఆయనకు అసలైన పోపూరి ఒక్కసారైనా సరిగ్గా చేయాలనిపించింది. జాహెదా పుంగనూరు నుంచి ఫోనులో చెబుతుంటే, వట్టి గులాబీలు, దవనం, నిమ్మతొక్క, వట్టివేర్లతో ఎర్రటి ఎండలో ఆరబెట్టి, ఇంగువ డబ్బాను నాగమ్మ ఇంట్లో దాచిపెట్టి మరీ చేశాడు. మాగబెట్టాక మూత తీసి భార్యను పిలిచాడు.

గంగులమ్మ కళ్లు మూసుకుని పీల్చింది. కుండ వంచి మళ్లీ పీల్చింది. చేయి పెట్టి కెలికి మళ్లీ పీల్చింది.

"ఏమీ రాలేదయ్యా."

"కొంచెం గూడానా?"

"కొంచెం గూడా రాలే. ఎండ ఎక్కువైనట్టుండాది. వట్టి గడ్డి."

రెడ్డెప్ప కుండలో తల దూర్చాడు. చాలాసేపు పీల్చాడు. తల బయటికి తీసి, చొక్కా మీద పడిన రెక్కలు దులుపుకున్నాడు.

"నాకూ రాలే," అన్నాడు, ఎంతో తృప్తిగా.

కుండలోని పూలన్నీ కనకాంబరం తొట్టి మొదట్లో కుమ్మరించి, మళ్లీ గులాబీలు కోయడానికి లేచాడు.